పోయొస్తానని చెప్పని పిల్ల

తిమ్మమ్మ సంచి సర్దడం అది మూడోసారి. తెల్లవారగానే ఒకసారి సర్దింది. బొరుగుల ఉగ్గానికి తాలింపు పెట్టి వచ్చి, అన్నీ బయటికి తీసి మళ్లీ సర్దింది. మనవరాలి గౌన్లు ఆరు, ఉన్ని టోపీ, జొన్నపిండి పొట్లం, కూతురి సెల్‌ఫోను, కొత్త గది తాళంచెవి, తన పాత చీరలతో కుట్టిన బొంత. ఆ బొంత అడుగున ఉండాలా, పైన ఉండాలా అని ఇప్పుడు అనుమానం వచ్చి మళ్లీ విప్పింది. సంచి జిప్పు పడితే ప్రయాణం ఖాయమైపోతుందని ఆమె భయం.

ఇంతకీ ప్రయాణం ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి. బస్సులో గంట. అల్లుడు ఈరేష్ ఏడాదిన్నరగా బెంగళూరులో కట్టడాల పనిలో ఉండి, ఈ నెలే ఆదోనిలో పత్తిమిల్లులో కుదిరాడు. అన్నాళ్లూ తల్లి దగ్గరే ఉన్న రాధిక, రెండేళ్లు నిండని కూతురు నాగవేణిని తీసుకుని తొమ్మిదింటి బస్సుకు వెళ్లాలి.

"ఎందుకుమా అట్ల కండ్లనీళ్లు పెట్టుకుంటావు? ఆదోనికే గదా, దుబాయికి పోతాండామా?" అంది రాధిక.

"ఆదోనికే అంట! మీ నాయన పోయింది యాడికి? ఆదోనికే గదా!"

రాధిక తండ్రి హనుమన్న మగ్గం నేసేవాడు. ఆమె తొమ్మిది నెలల పిల్లగా ఉన్నప్పుడు నూలు తెస్తానని ఆదోనికి బయలుదేరి, మళ్లీ కనిపించలేదు. ఎందుకు రాలేదో తిమ్మమ్మ వీధంతటికీ చెప్పింది. "పోయేటోడు పోయొస్తా అనల్ల. ఆయప్ప పోతాండా అన్యాడు, అంతే. రాకడ మాట నోట్లోనే ఉండిపాయ, మనిషి ఆడనే ఉండిపాయ." అప్పటినుంచి ఆ మాట చెప్పకుండా ఆమె గడప ఎవరూ దాటలేదు. గ్యాసుబండ తెచ్చేవాడు కూడా బండ దించి, బుద్ధిగా "పోయొస్తా అవ్వా" అని వెళ్తాడు.

కష్టమంతా నాగవేణితోనే వచ్చింది. ఆ పిల్లకు వచ్చిన మాటలు మూడు: అవ్వ, బువ్వ, పో. మూడోది కోళ్లను తోలుతూ తిమ్మమ్మే నేర్పింది.

"నా బంగారు గదా, పోయొస్తా అవ్వా అను."

"పో అవ్వా," అంది నాగవేణి.

"అయ్యో! పో-యొ-స్తా."

"పో! పో!"

వాకిట్లో ఆటో హారను కొట్టింది. పక్కింటి గులాం మొహిద్దీన్‌ది ఆ ఆటో. "తిమ్మక్కా, బస్సు నీ మనవరాలికి మాటలు వచ్చేదాకా నిలబడదక్కా!" అని కేక పెట్టాడు.

అప్పుడే పిల్ల గడప మీద నిలబడి, చెయ్యి ఊపుతూ కొత్త మాట ఒకటి అంది. "ఆతూ!"

తిమ్మమ్మ గబుక్కున కూతురి వైపు తిరిగింది. "వింటివా రాధికా? అత్తా అంటాంది! మేనత్తను పిలుస్తాంది!"

రాధిక మొహం మాడిపోయింది. ఈరేష్ అక్క ప్రేమలత ఆదోనిలోనే ఉంటుంది. నామకరణం రోజు పిల్లకు తమ తల్లి పేరు పెట్టలేదని అలిగి, ఆనాటినుంచి రాధికతో మాట్లాడడం మానేసింది. "ఈ పిల్ల ఆమె మొగమే సరిగ్గా చూడలేదు, పిలిచేది యాడిది?"

"రక్తం పిలుస్తాంది. చంటిపిల్ల పిలుస్తాంటే పట్టించుకోకుండా బయలుదేరితే మంచిది గాదు," అంది తిమ్మమ్మ. బస్సు తప్పుతుందన్న సంగతి ఆమెకు తెలియక కాదు. తన చిన్న ఫోను తీసుకుని, దానికి సిగ్నలు దొరికే చోటని పెరట్లోకి పరుగెత్తింది.

ఆమె ఫోనులో మాట్లాడితే వీధి చివర ఉన్నవాళ్లకు అసలు ఫోనే అక్కర్లేదు. "ప్రేమలతా, నేను తిమ్మమ్మను! పిల్ల అత్తా అత్తా అని ఒకటే కలవరిస్తాంది తల్లీ! మీ పంతాలు పక్కనబెట్టి ఒక్కసారి వచ్చి సూడమ్మా!" అని చెప్తూ చెప్తూ ఏడ్చేసింది.

కలవరించడమంటే తిమ్మమ్మ లెక్కలో తలుచుకోవడం. ప్రేమలత లెక్కలో ఒళ్లు తెలియని జ్వరం. అవతల ఫోను ఠక్కున ఆగిపోయింది.

తిమ్మమ్మ ఇంట్లోకి వచ్చి చూస్తే కూతురూ లేదు, మనవరాలూ లేదు. ఇక ఆగితే సాయంత్రం దాకా ఇదే తంతని రాధిక పిల్లను ఎత్తుకుని ఆటో ఎక్కేసింది. ఎక్కుతూ "పోయొస్తామమ్మా!" అని గట్టిగానే అరిచింది. ఆ అరుపు ఆటో చప్పుడులో కలిసిపోయింది. విప్పిన సంచి మాత్రం మంచం మీద నోరు తెరుచుకుని ఉంది. సెల్‌ఫోనూ తాళంచెవీ అందులోనే ఉన్నాయి.

ఆదోనిలో ప్రేమలత మిల్లు గేటు దగ్గరికి పరుగెత్తి తమ్ముణ్ని పిలిపించింది. ఈరేష్ రాధికకు పదకొండుసార్లు ఫోను చేశాడు. పదకొండుసార్లూ అది బొంత అడుగున మోగింది. తిమ్మమ్మ వాకిట్లో కూర్చుని వీధి మలుపు కేసి చూస్తోంది, వినలేదు. ఆమె చిన్న ఫోనుకు పెరట్లో తప్ప సిగ్నలు లేదు. పెళ్లాం ఫోను ఎత్తడం లేదంటే పిల్ల పరిస్థితి ఏమిటో అని అక్కా తమ్ముడూ జ్వరం మందు, నిమ్మకాయలు, మూడు ఎలనీళ్ల బోండాలు కొనుక్కుని మోటారు సైకిలెక్కారు. ఆదోని పొలిమేర దాటుతుండగా ఒక బస్సు వాళ్లకు ఎదురై దుమ్ము కొట్టి పోయింది. కిటికీ దగ్గర కూర్చున్న నాగవేణి ఆ మోటారు సైకిలుకు "పో" అని చెప్పింది.

ఆదోని చేరిన రాధికకు తాళం వేసిన తలుపు స్వాగతం చెప్పింది. పక్కింటావిడ, "మీ ఆయన ఎవరికో బాగలేదని ఎమ్మిగనూరికి ఉరికినాడమ్మా" అంది. ఎమ్మిగనూరులో బాగలేకపోవడానికి ఉన్నది తల్లి ఒక్కతే. రాధిక వచ్చిన కాళ్లతోనే తిరుగు బస్సు ఎక్కింది.

ఇక్కడ మోటారు సైకిలు వాకిట్లో ఆగింది. తిమ్మమ్మ గడప మీద తల పట్టుకుని కూర్చుని ఉంది.

"పిల్ల యాడుంది అత్తా?" అంది ప్రేమలత, ఎలనీళ్లు చేత్తో పట్టుకుని.

"పోయింది తల్లీ," అంది తిమ్మమ్మ కన్నీళ్లతో. "నాకు ఒక్క మాటైనా సెప్పకుండా పోయింది. బొంత గూడా ఈడనే ఉండిపాయ."

ఎలనీళ్లు మూడూ దొర్లుకుంటూ కాలువలో పడ్డాయి. ప్రేమలత నేల మీద కూలబడి గుండెలు బాదుకుంది. "పేరు కోసరం పంతం పట్టి ఒక్కనాడైనా నిన్ను ఎత్తుకోలేదే నా తల్లీ!" ఈరేష్ హెల్మెట్ తియ్యకుండానే గోడకు చేరగిలబడ్డాడు. తన మనసెరిగి వీళ్లు కూడా ఏడుస్తున్నారని తిమ్మమ్మకు ప్రాణం కుదుటపడింది. ఆమె కూడా గొంతు కలిపింది. ఆ మూడు గొంతులకు వీధి వీధంతా చేరింది. ఎవరో మంచం బయటికి తెమ్మన్నారు. ఎవరో పూలదండకు మనిషిని పంపారు.

సరిగ్గా అప్పుడు మొహిద్దీన్ ఆటో మలుపు తిరిగింది. తల్లి ఇంటి ముందు గుంపు, బయటికి తెస్తున్న మంచం చూసి రాధిక ఆటోలోంచే శోకం అందుకుంది. "అమ్మా! నా మీద కోపంతోనే పోయినావా అమ్మా!"

వాకిట్లో ఏడుస్తున్నవాళ్లు అటు తిరిగారు. ఆటోలో ఏడుస్తున్నది ఇటు చూసింది.

"ఎవురప్పా ఇంతకీ పోయింది?" అన్నాడు మంచం మోస్తున్న గిడ్డయ్య.

ఎవరూ పోలేదు. నాగవేణి ఆటో దిగి, ఏడ్చి ఉబ్బిన మొహాలన్నీ ఒకసారి చూసి, "పో!" అంది.

ప్రేమలత పిల్లను వాటేసుకుంది. రాధికను కూడా వాటేసుకుంది. ఎవరి మీద అలిగిందో ఆ సమయానికి ఆమెకు గుర్తు లేదు. "అత్తా అను తల్లీ, నాకోసరం కలవరించినావంట గదా."

పిల్ల ఆమె చేతుల్లోంచి జారి, చెయ్యి ఊపి "ఆతూ!" అంటూ పక్కింట్లోకి వెళ్లింది. ఒక బిస్కత్తు పట్టుకుని నిమిషంలో తిరిగి వచ్చింది. వెనకే మొహిద్దీన్ భార్య జమ్రుద్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ వచ్చింది.

"అత్త కాదు, గిత్త కాదు తిమ్మక్కా! ఆతూ! నేను బజారుకు పోయేటప్పుడు దీనికి రోజూ జాకే ఆతూ అని సెప్పిపోతా గదా? పోయొస్తా అంటాందక్కా, మా మాటలో!"

"అంటే పొద్దున గడప మీదనే సెప్పేసిందా?" అంది రాధిక.

"సెప్పేసింది."

అందరూ తిమ్మమ్మ వైపు చూశారు. ఆమె, ఉగ్గాని చల్లారిపోతోందని లోపలికి వెళ్లింది.

ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో ఆరు విస్తళ్లు లేచాయి. కాలువలో పడ్డ ఎలనీళ్లు కడుక్కుని తాగారు. ప్రేమలత పిల్లకు గోరుముద్దలు పెడుతూ, నాగవేణి అన్న పేరు కూడా అంత చెడ్డదేమీ కాదని ఒప్పుకుంది. తిమ్మమ్మ అటూ ఇటూ తిరుగుతూ అందరికీ రెండోసారి వడ్డించింది, మూడోసారి వడ్డించింది. కానీ నాలుగింటి బస్సు మాత్రం నాలుగింటికే ఉంది.

ఈసారి సంచి ప్రేమలత సర్దింది. చిటికెలో జిప్పు పడింది. నాగవేణి గడప మీద ఒకసారి, ఆటోలో ఒకసారి "ఆతూ" అంది. ఆటోలో ఆడవాళ్లిద్దరూ, మోటారు సైకిలు మీద ఈరేష్ వరుసగా "పోయొస్తా" అన్నారు.

ఆటో మలుపు తిరిగాక జమ్రుద్‌బీ తిమ్మమ్మ పక్కన గడప మీద కూర్చుంది. "ఇంకేం భయం తిమ్మక్కా? రెండు బాసల్లో సెప్పించుకున్యావు."

తిమ్మమ్మ తల ఊపింది. మంచం మీద పిల్ల ఉన్ని టోపీ ఒకటి మిగిలిపోయింది. దాన్ని మడిచి ఒళ్లో పెట్టుకుంది. జమ్రుద్‌బీ కూడా "జాకే ఆతూ" అని లేచి వెళ్లిపోయాక, ఇంట్లో కోళ్ల చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు.

తిమ్మమ్మ ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పనిది ఒకటుంది. హనుమన్న ఆ రోజు "పోయొస్తానే" అనే అన్నాడు. గడప దగ్గర ఒకసారి, మలుపు తిరుగుతూ ఇంకోసారి. 1998 జూన్ 18, గురువారం నాడు పోయినవాడు, తిరిగి రాలేదు.