రెండు పొట్టేళ్ల గాలి

ఎల్లేశం పొద్దున్నే లేచాడు గానీ, లేచి కూడా కలలోనే ఉన్నాడు. పత్తి చేల నడుమ బాట తెల్లగా సాగుతోంది. తను సైకిల్ తొక్కుతున్నాడు. వెనక భార్య జానమ్మ నడుం పట్టుకొని కూర్చుంది. పెళ్లైన నాటి నుంచి గొర్రెల వెంట తిరగడంతోనే సరిపోయి, ఆమెను ఒక్కసారీ అలా ఎక్కించుకోలేదు. నార్కట్‌పల్లిలో జానమ్మ చెల్లెలి గృహప్రవేశానికి సైకిల్ మీదే వస్తానని రాత్రి ఆమె ఒప్పుకుంది. ఇవాళ తప్పితే ఆ మాట మళ్లీ రాదని అతని దిగులు.

కూతురు వర్షిత కాలేజీ రోజుల్లో తొక్కిన సైకిల్ అది. పంపుతో గాలి కొట్టి, సంతలో పొట్టేలు నడుం నొక్కి కండ చూసినట్టే టైరు నొక్కి చూశాడు. వేలు మెత్తగా దిగింది. మంచి మేత తిన్నదేనని సంబరపడ్డాడు. జానమ్మ కూర్చోగానే టైరు నేలకు అంటుకుపోయింది.

"గిదేంది, నన్ను కింద గూసోబెడ్తవా?"

"జర ఆగు, దుకాణంల గాలి కొట్టిచ్చుకొస్త."

చిట్యాల రోడ్డు మీద లారీ టైర్ల దుకాణంలో కురుమయ్య గాలి గొట్టం అందుకున్నాడు. "ఎంత బరువు ఎక్కుతదే?"

కలలో ఉన్న మనిషికి కిలోలు ఎక్కడ గుర్తొస్తాయి? తెలిసిన తూకమే చెప్పాడు. "రెండు పొట్టేళ్లంత అనుకో."

అక్కడే చాయ్ తాగుతున్న పక్కింటి భిక్షం మోటార్ సైకిల్ మీద ముందే ఇల్లు చేరాడు. "వదినా, అన్న సైకిల్ మీద పొట్టేళ్లను ఎక్కిస్తడట. అమ్ముతున్నరా?"

జానమ్మ మొహం మాడిపోయింది. వెంటనే ఫోన్ చేసి ఆటోను పిలిచింది.

టైరు రాయిలా బిగిసిన సైకిల్‌తో ఎల్లేశం నవ్వుతూ వచ్చాడు.

"నేను ఆటోల పోత. నీ పొట్టేళ్లను ఎక్కిచ్చుకొని పో."

"పొట్టేళ్లేడియి? నీ బరువే గట్ల జెప్పిన!"

నోరు జారాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. భిక్షం మెల్లగా జారుకున్నాడు. ఎల్లేశం కళ్ల ముందు పత్తి చేలు చెరిగిపోయాయి. నిజంగానే ఏడుపొచ్చింది.

ఆ మొహం చూసి జానమ్మ ఆటోను వద్దంది. కొంగు దోపుకొని, టైరులో గాలి కొంత వదిలి, నొక్కి చూసి హ్యాండిల్ పట్టుకుంది. "ఎన్క గూసో."

"నీకు తొక్కస్తదా?"

"నువ్వు గొర్ల ఎంబడి పోతె, గీ సైకిల్ ఇంట్ల ఊకెనే ఉన్నదనుకున్నవా? వర్షిత నేర్పింది."

దుకాణం దాటుతుంటే కురుమయ్య కేకేశాడు. "ఏమక్కా, పొట్టేళ్లేవి?"

"ఒక్కటే పోతాంది. ఎన్కున్నది."

 ఎల్లేశం ఆమె కొంగు పట్టుకొని కళ్లు మూసుకున్నాడు. పత్తి చేల నడుమ బాట తెల్లగా సాగుతోంది.

గాలి సరిగ్గా సరిపోయింది.