ఖాళీ కడుపుకు కాపలా

ఆ ఉదయం ఇంట్లో ఉన్నది నలుగురు: పిత్తాశయంలో రాళ్లతో మూడు నెలలుగా మెలికలు తిరుగుతున్న వాగియెమ్ అమ్మమ్మ, వ్యాను మాట్లాడటానికి బయలుదేరుతున్న సుగెంగ్ మామయ్య, దుప్పట్లు సర్దుతున్న యాయుక్ అత్త, పదిహేనేళ్ల లారస్. పది గంటలకు పట్నం ఆసుపత్రిలో అమ్మమ్మకు ఆపరేషన్. అర్ధరాత్రి దాటాక మంచినీళ్లు కూడా ముట్టకూడదని నర్సు ముందే చెప్పింది. ఆ కాపలా లారస్‌ది.

ఆరింటికి పక్కింటి తర్మి పిన్ని జావ గిన్నెతో వచ్చింది. నలుగురిలో నోరు పెగలని లారస్ గుమ్మంలోనే తల దించుకుని, "అమ్మమ్మ ఏమీ తీసుకోదు పిన్నీ. నీళ్లు కూడా," అంది.

"నీళ్లు కూడానా! అయ్యో, అంతదాకా వచ్చిందా!"

కారణం చెప్పేలోగా పిన్ని కంచె దాటేసింది. అరగంటకు మసీదు మైకులో వాగియెమ్ గారి కోసం ప్రార్థించమన్నారు. ఆ మైకులో ముసలివాళ్ల పేరు వినిపిస్తే మిగతాది ఎవరూ వినరు. ఏడింటికల్లా ముంగిట్లో ప్లాస్టిక్ కుర్చీలు దిగాయి, టార్పాలిన్ లేచింది. పోయినవాళ్ల కోసం ఖురాన్‌లోని యాసీన్ అధ్యాయం చదవడానికి పద్దెనిమిది మంది ఆడవాళ్లు వచ్చారు. గోరీలు తవ్వే ఆయన లారస్‌ను పక్కకు పిలిచి, "మనిషి పొడవెంత ఉంటారమ్మా?" అని మెల్లగా అడిగాడు.

అంతలో అమ్మమ్మ నడుచుకుంటూ బయటికి వచ్చింది.

"ఇంకా ఉన్నావా వదినా?" అంది వెనక వరసలో ఎవరో.

"ఉన్నాలే, కూర్చోండి. యాయుక్, చూస్తావేంటే? టీ పెట్టు!"

అత్తగారికి ఎదురు చెప్పే అలవాటు యాయుక్ అత్తకు లేదు. టీ వచ్చింది, అరటిపండు బజ్జీలు వచ్చాయి. ఎవరూ ముట్టలేదు. ఇంటి పెద్ద ఒక గుక్క తాగి "కానివ్వండి" అనేదాకా అతిథి గ్లాసు అందుకోవడం ఆ ఊళ్లో లేదు. పద్దెనిమిది మందీ అమ్మమ్మనే చూస్తున్నారు.

"వద్దమ్మమ్మా..." లారస్ గొణిగింది.

"ఊరుకో. గుక్కెడేగా."

గుక్కెడు గ్లాసెడయింది. బజ్జీలూ మర్యాద కోసమే తింది.

వ్యాను వచ్చాక పద్దెనిమిది మందీ ఎక్కారు. చావు తప్పినా పరామర్శ తప్పదు.

ఆపరేషన్ గది ముందు నర్సు అడిగింది: "పొద్దున ఏమైనా తీసుకున్నారా?"

"లేదు," అంది అమ్మమ్మ.

"లేదు, లేదు!" అన్నారు పద్దెనిమిది మంది. తర్మి పిన్ని ఒట్టు కూడా వేసింది.

"నిజం చెప్పండి. మత్తులో ఉండగా కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగితే మనిషి దక్కదు."

పద్దెనిమిది తలలూ అడ్డంగా ఊగాయి. స్ట్రెచర్ కదిలింది.

"తాగింది!" లారస్ కేక వరండా చివరిదాకా వినిపించింది. "గ్లాసు నిండా టీ, పంచదారతో. బజ్జీ ఒకటి... కాదు, రెండు. ఏడున్నరకి!"

ఆపరేషన్ ఏడు వారాలు వాయిదా పడింది. తిరుగు ప్రయాణంలో లారస్ పక్కన ఎవరూ కూర్చోలేదు.

"ఇంట్లో మాట ఊరికి చాటింది," అంది తర్మి పిన్ని.

"ఇంకో ఏడు వారాలు ఈ నొప్పి ఎవరు పడతారే? నువ్వు పడతావా?" అంది అమ్మమ్మ, వ్యాను కుదుపుకొక మూలుగుతో.

ఇంటికి చేరాక లారస్ దిండు పట్టుకుని ఆమె వెనకే వెళ్లింది. అమ్మమ్మ గదిలోకి వెళ్లి, లారస్ ముఖం మీదే ధడాలున తలుపు వేసేసింది. గోడ మీది పటం పక్కకు ఒరిగింది.

పోయినవాళ్లెవరూ తలుపు అంత గట్టిగా వేయలేరు.