తప్పినా ఒక పాయింటు

కొండబాబుకి ఈ జన్మలో ఒక్కటే కోరిక మిగిలింది. ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా ఎవరూ పిలవకుండా పడుకోవాలి. యాభై మూడేళ్ళ మనిషి అంతకంటే ఏం అడుగుతాడు చెప్పండి.

వారానికి ఆరు రోజులు ఏలూరు నుంచి పాసింజర్లో తాడేపల్లిగూడెం వెళ్ళి, అక్కడో కాలేజీ ఆఫీసులో గుమాస్తాగిరీ వెలగబెట్టి, మళ్ళీ అదే పాసింజర్లో నిలబడి రావడం ఆయన ఉద్యోగం. నిలబడే నిద్రపోవడం ఎప్పుడో అలవాటైపోయింది. భీమడోలు దాటాక కన్ను మూస్తే, ఏలూరులో ఎవరో ఒకరు తట్టి దింపుతారు. ఆఫీసులో ఆయన్ని నిద్రగన్నేరు అంటారు. ఆయనకి కోపం రాదు, ఆ మాట అనేటప్పటికి కునుకులో ఉంటాడు కాబట్టి.

ఆదివారం మాత్రం భార్య కనకరత్నం చేతిలో ఉంటుంది. కొల్లేటి చేపలు తేవాలి, ఫ్యాన్లు తుడవాలి, బూజు దులపాలి. హాల్లో ఈశాన్యం మూల బూజు ఉగాది నుంచీ వేలాడుతూనే ఉంది. "ఏవండీ, ఆ బూజు" అని ఆవిడ అన్నప్పుడల్లా ఆయన "వచ్చే ఆదివారం" అంటాడు.

ఇలా ఉండగా మెల్బోర్న్‌లో ఉన్న బావమరిది బాబీ ఒక ఉన్ని మఫ్లరు పంపాడు. ఏలూరు ఎండకి ఉన్ని మఫ్లరు. ఆకుపచ్చా నారింజా చారలు. అది వాళ్ళ పేట ఫుట్‌బాల్ క్లబ్బుదట. మనం చూసే ఫుట్‌బాల్ కాదది. బంతి కోడిగుడ్డులా ఉంటుంది, చేత్తో పట్టుకుంటారు, కాలితో తంతారు, అవసరమైతే పక్కవాడి భుజాలెక్కుతారు. పేటవాళ్ళే ఆడతారు, పేటవాళ్ళే కేకులు చేసి అమ్ముతారు, ఎవరో ఒకరు ఫోనులో తీసి యూట్యూబులో పెడతారు. ఆట ఆదివారం మధ్యాహ్నం రెండింటికి. అంటే మనకి పొద్దున్న తొమ్మిదిన్నర.

ఆ లెక్క తట్టగానే కొండబాబు మొహం వెలిగింది.

"కనకం, పరాయి దేశంలో మీ తమ్ముడి క్లబ్బు ఆడుతోంటే మనం చూడకపోతే బాగుంటుందా?"

"మీరా? ఆటా? మన పెళ్ళిలో పూలబంతులాట ఆడిస్తేనే ఆవులించారు."

"అది వేరు. ఇది తలుపేసుకుని శ్రద్ధగా చూడాల్సిన ఆట. మధ్యలో పిలవకూడదు."

తమ్ముడి మాట వచ్చేసరికి ఆవిడ మెత్తబడింది. "సరే, చూడండి" అంది.

ఆ ఆదివారం ఆయన ఫోను దిండుకి ఆనించి, మఫ్లరు కళ్ళమీద కప్పుకుని పడుకున్నాడు. అంత దూరాన ఎవరో అరుస్తోంటే వాన చప్పుడులా హాయిగా ఉంది.

పన్నెండింటికి బయటికొస్తే కనకరత్నం అడిగింది. "ఎవరు నెగ్గారండీ?"

"మనవాళ్ళే. రెండు, ఒకటి. హోరాహోరీ అనుకో."

"మా బాబీ ఆడాడా?"

"ఆ రెండో గోలు వాడిదే."

"అలాగా" అంది ఆవిడ. ఆ పూట పులుసులో చేప తలకాయ ఆయనకే వేసింది. రెండో వారం మూడు, రెండు అన్నాడు. మూడో వారం బద్ధకించి ఒకటి, సున్నా అని సరిపెట్టాడు.

నాలుగో వారం నడుం వాల్చాడో లేదో, హాల్లో కుర్చీలు లాగుతున్న చప్పుడైంది. తొంగి చూస్తే అపార్టుమెంటులో తమ అంతస్తు ఆడవాళ్ళంతా టీవీ ముందు ఉన్నారు. ఎదురింటి వీరరాఘవమ్మగారు, డెబ్భై ఆరేళ్ళ మనిషి, అందరికంటే ముందు కుర్చీలో ఉన్నారు.

"అక్కడ ఈ ఆట ఒక్కళ్ళే చూడరటండీ, పేటంతా కలిసి చూస్తారట. బాబీ చెప్పాడు" అంది కనకరత్నం. "రండి, మీకు తెలుసుగా, పక్కన కూర్చుని చెప్పండి."

ఆట మొదలైన పావుగంటకే స్కోరు ముప్పై ఒకటి, ఇరవై నాలుగు.

"ఏమయ్యా, రెండూ ఒకటీ అన్నావట. ఇదేంటి, ముప్పై దాటింది?" అన్నారు వీరరాఘవమ్మగారు.

"ఈ వారం గాలి ఎక్కువగా ఉందండీ."

అంతలో తెల్లకోటు వేసుకుని, చేతిలో రెండు జెండాలతో బాబీ తెరమీద కనిపించాడు.

"మీ తమ్ముడు రైల్వేలో గార్డా అమ్మా?" అన్నారు వీరరాఘవమ్మగారు.

"కాదండీ, గోలు అంపైరు. పెద్ద కర్రల మధ్యనుంచి పోతే గోలు. ఆరు పాయింట్లు, రెండు వేళ్ళు చూపిస్తాడు. పక్క కర్రల్లోకి పోతే తప్పినట్టే. అయినా ఒక పాయింటు ఇచ్చి ఒక వేలు చూపిస్తాడు" అంది కనకరత్నం గడగడా.

"తప్పినా ఇస్తారూ? ధర్మాత్ములు" అన్నారావిడ.

గోలు వేశాడని తను చెప్పిన మనిషి బంతే ముట్టడని కొండబాబుకి అప్పుడు తెలిసింది. పిల్లిలా గదిలోకి జారుకోబోయాడు.

"ఎక్కడికండీ? అక్కడ క్లబ్బులో ఒక్కొక్కళ్ళు ఒక్కో పని ఎత్తుకుంటారట. మీరు క్యాంటీన్. బాబీకి మీ పేరిచ్చేశాను."

"నన్నడగకుండానే?"

"మధ్యలో పిలవకూడదన్నారు కదా మరి."

ఆటకి నాలుగు భాగాలు, మధ్యలో మూడు విరామాలు. విరామానికో టీ. అక్కడ సాసేజీలు కాలుస్తారట, ఇక్కడ చేప ముక్కలు వేయించాలి. రెండు వారాలకి కింది అంతస్తు వాళ్ళొచ్చారు. మూడో వారానికి ఉండి అనే ఊరి నుంచి కనకరత్నం పినతల్లి కూతురు సుష్మ ఇద్దరు ఆడపడుచుల్ని వెంటబెట్టుకుని దిగింది. మఫ్లరు వీరరాఘవమ్మగారి మెడలోకి వెళ్ళిపోయింది. ఎదుటి జట్టులో పదకొండో నంబరు వాణ్ణి ఆవిడ వాడి తాతల దగ్గర్నుంచి తిడుతున్నారు.

ఒక వారం కొండబాబు పొయ్యి దగ్గర నిలబడే నిద్రపోయాడు. మూకుడు మాడి ఇల్లంతా పొగ కమ్మింది. దగ్గుతూ లేచి హాల్లోకి పరిగెత్తితే ఒక్కళ్ళూ కదల్లేదు. "ఇంకా రెండు నిమిషాలుంది, ఆ కిటికీ తీసి అడ్డం తప్పుకోండి" అంది కనకరత్నం. పాపం, పాసింజర్లోనే నయం అనిపించిందాయనకి.

ఆగస్టు ఆఖర్లో బాబీ ఫోను చేసి సీజను అయిపోయిందన్నాడు. కొండబాబు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాతి ఆదివారం తెల్లారకుండానే చేపలు తెచ్చిపడేసి, సరిగ్గా తొమ్మిదిన్నరకి దిండు మీద తల పెట్టాడు.

తలుపు చప్పుడైంది. కనకరత్నం బూజుకర్ర పట్టుకుని నిలబడింది. వెనక హాల్లో అందరూ ఎవరి కుర్చీల్లో వాళ్ళున్నారు.

"సీజను అయ్యాక అక్కడ అందరూ కలిసి క్లబ్బు బిల్డింగు శుభ్రం చేసుకుంటారటండీ. మన క్లబ్బంటే మన హాలేగా."

"అందరూ కలిసి అన్నావుగా?"

"మేం కలిసే కూర్చున్నాం. లేవండి."

ఆయన స్టూలెక్కాడు. ఈశాన్యం మూల బూజు అలాగే వేలాడుతోంది. కనకరత్నం స్టూలు పట్టుకుంది.

"నీకెప్పుడు తెలిసింది కనకం?" అన్నాడు మెల్లిగా.

"మొదటి వారమే. సాయంత్రం బాబీ ఫోను చేసి తొంభై ఆరు, ఎనభై అన్నాడు. అయినా వాడు చెప్పాలా, మీ గురక వంటింట్లోకి వినిపించింది."

"మరి మూడు వారాలు ఎందుకు ఊరుకున్నావు?"

"రోజూ నిలబడి వచ్చే మనిషి కదా అని. తప్పినా ఒక పాయింటు ఇస్తారుగా. వారానికొకటి, మూడు ఇచ్చాను."

ముప్పై ఏళ్ళ కాపురంలో కొండబాబుకి ఆవిడ మీద ఇంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు. ఆ ఊపులో బూజుకర్ర గట్టిగా ఝాడించాడు. అది బూజుని తప్పి పక్కనున్న గోడ గడియారానికి తగిలింది.

వీరరాఘవమ్మగారు మఫ్లరు సర్దుకుని, గంభీరంగా ఒక వేలు పైకెత్తారు.

"రూలు రూలేనండీ" అంది కనకరత్నం నిట్టూర్చి. "పావుగంట పడుకోండి. ఆ తర్వాత ఆ మూల, తర్వాత ఫ్యాన్లు."

గదిదాకా వెళ్తే అందులో రెండు నిమిషాలు పోతాయి. కొండబాబు బూజుకర్ర ఊతం చేసుకుని స్టూలు మీదే కళ్ళు మూశాడు. భీమడోలు దాటినట్టే ఉంది. పావుగంట అవగానే కనకరత్నం తట్టి దింపింది.