పిట్ట ముట్టిన హామీ

మా ఎమ్మెల్యే శ్రీ దేవిదాస్ గారు తమ సుదీర్ఘ ప్రజాజీవితంలో ఒక్క చావుకు కూడా గైర్హాజరు కాలేదని నియోజకవర్గ ప్రజలకు తెలిసిన విషయమే. పెళ్లిళ్లకు ఆలస్యంగా వచ్చారేమో, అధికారుల సమావేశాలకు అసలు రాలేదేమో గాని, పాడె లేచే వేళకు ఆయన జీపు వీధి మలుపులో ఉండేది. ఎనభై మూడులో గెలిచింది అలాగే. ఎనభై అయిదులోనూ, ఎనభై తొమ్మిదిలోనూ గెలిచింది అలాగే. ఆయన పేరు చెబితే జనం ముందు కళ్లు తుడుచుకుని, తర్వాత దండం పెట్టేవారు.

శాసనసభలోనూ ఆయన సేవ చిన్నది కాదు. పసుపు ధర గురించో, కరెంటు గురించో నోరు విప్పి సభా సమయాన్ని ఎన్నడూ వృథా చేయలేదు. సంతాప తీర్మానం వచ్చిన రోజు మాత్రం లేచి నిలబడేవారు. గతించిన సభ్యుడి పేరు సరిగా తెలియకపోయినా ఆయన గొంతు పూడుకుపోయేది. ఎదుటి పక్షం వారు కూడా జేబురుమాళ్లు తీసేవారు.

ఇవన్నీ ఒక ఎత్తు, మూడోనాటి పిట్ట ఒక ఎత్తు. ఈ వైపు మనిషి పోయిన మూడోనాడు, ఆ మనిషికి ఇష్టమైన వంటలన్నీ విస్తట్లో పెట్టి, దూరంగా నిలబడి కాకి కోసం ఎదురుచూస్తారు. కాకి వచ్చి ముడితే పోయిన ప్రాణానికి తృప్తి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి "నీ బిడ్డ పెండ్లి మేం చేస్తం", "నీ బర్రెను అమ్మం" అని మాట ఇస్తారు. సరైన మాట చెవిన పడగానే కాకి దిగుతుంది. ఈ విద్యలో దేవిదాస్ గారిని మించినవారు జిల్లాలో లేరు. చేతులు జోడించి ఆయన రెండు ముక్కలు పలికితే ఎంత మొండి కాకైనా దిగాల్సిందే. పోయినవాళ్లకు ఇచ్చిన హామీ గనుక, నెరవేరలేదని వాళ్లు తిరిగివచ్చి అడగకపోవడం అందులో ఉన్న అదనపు సౌకర్యం.

ముత్తెన్న భార్య రామవ్వ పోయింది ఎనభై ఆరు వానాకాలంలో. వాళ్లది దొంకేశ్వర్ బాటలో వాగవతల ఒక చిన్న ఊరు. పసుపు చేనులో కలుపు తీస్తుండగా ఆమెను పాము కరిచింది. ఊళ్లో సర్కారు దవాఖాన ఉంది. దవాఖానలో డాక్టరు కుర్చీ ఉంది. కుర్చీ మీద ఉతికిన తెల్ల తువ్వాలు కూడా ఉంది. డాక్టరు ఒక్కడే లేడు. కాంపౌండర్ నర్సింలు కాలికి కట్టు కట్టి, ఆర్మూరు తీసుకుపొమ్మన్నాడు. బండి వాగు దాటకముందే రామవ్వ కన్నుమూసింది.

దేవిదాస్ గారు వచ్చారు. తెల్ల బట్టలతో మట్టిలోనే కూలబడ్డారు. పొద్దుటి నుంచి ముత్తెన్న గొంతులో చుక్క నీరు దిగలేదని చుట్టాలెవరికీ తోచలేదు. ఆయనకు తోచింది. చెంబు తెప్పించి, తల పట్టుకుని, తన చేత్తోనే తాగించారు. ఆ నీళ్ల చల్లదనం ముత్తెన్నకు ఆ తర్వాత ఏ ఎన్నికలోనూ గుర్తుకు రాకుండా పోలేదు.

మూడోనాడు కాకి రాలేదు. ముత్తెన్న మాట ఇచ్చాడు, రాలేదు. రామవ్వ తమ్ముడు ఇచ్చాడు, రాలేదు. అప్పుడు దేవిదాస్ గారు ముందుకు నడిచారు.

"అవ్వా రామవ్వా! నీకైన గతి ఇంకొకలకు గావద్దు. గీ దవాఖానకు డాక్టరును తెచ్చే జిమ్మ నాది. తిను తల్లీ!"

కాకి దిగి, కోడి ముక్క ఎత్తుకుపోయింది. ముత్తెన్న వెక్కివెక్కి ఏడ్చాడు. ఇంటి పక్క లసుమవ్వ ముక్కు చీదుకుంటూ, "ఏం హస్తవాసి తల్లీ గా సారుది!" అంది.

ఆ తర్వాత ప్రతి వేసవిలో ముత్తెన్న ఆర్మూరు మార్కెట్ యార్డులో పసుపు రాశి పోసి, వేలంపాట బీటు అయ్యేలోగా ఎమ్మెల్యే ఇంటికి వెళ్లేవాడు. ఆయన గుర్తుపట్టి, పక్కన కూర్చోబెట్టుకుని, చాయ్ తాగించేవారు.

"సారూ, గా డాక్టరు ముచ్చట…"

"ముత్తెన్నా, నాడు పిట్ట ముట్టిందా లేదా?"

"ముట్టింది సారూ."

"మరి రామవ్వకు లేని పంచాయితి నీకెందుకే?"

ముత్తెన్న చాయ్ తాగి, కప్పు కింద పెట్టి లేచేవాడు. చాయ్ మాత్రం బాగుండేది. అయితే అతని రాకపోకలు పూర్తిగా నిష్ఫలమని అనడం అన్యాయం. ఏడాదికొకసారి డాక్టరు కుర్చీ మీద తువ్వాలు మార్పించేలా ఎమ్మెల్యే గారు ప్రత్యేక శ్రద్ధ తీసుకున్నారు.

తొంభై రెండు వేసవిలో ఆ ఊళ్లోనే భోజన్న అనే రైతు పోయాడు. పిట్ట దగ్గర మాట ఇస్తూ ఇస్తూ దేవిదాస్ గారు గుండె పట్టుకుని కూలబడ్డారు. నలుగురూ ఎత్తుకుని దవాఖానకు పరుగెత్తారు. నర్సింలు తువ్వాలు మడిచి పక్కన పెట్టి, ఆయనను డాక్టరు కుర్చీలో కూర్చోబెట్టాడు. అన్నేళ్లలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి ఆయనే.

"డాక్టరేడి?" అని అడిగారు దేవిదాస్ గారు.

"మీకే తెల్వాలె సార్," అన్నాడు నర్సింలు, వినయంగా.

ఆర్మూరుకు తీసుకుపోతుంటే, జీపులో ఆయన తల ముత్తెన్న ఒడిలోనే ఉంది. చెంబుతో నీళ్లు పెదవులకు తాకించాడు. జీపు వాగు దాటకముందే ఆయన కన్నుమూశారు.

ఆర్మూరులో మూడోనాటి కార్యక్రమం అట్టహాసంగా జరిగింది. షామియానాలు వేశారు, మైకులు పెట్టారు. అంకాపూర్ నుంచి నాటుకోడి కూర వచ్చింది. కాకి కూడా వేళకే వచ్చి, మైకు గొట్టం మీద కూర్చుంది. దిగలేదు.

జిల్లా నాయకుడొకరు మైకు అందుకున్నారు. "అమరుడైన సోదరా! చౌరస్తాలో నీ నిలువెత్తు విగ్రహం ప్రతిష్ఠించేదాకా ఈ పార్టీ నిద్రపోదు!" కాకి ఈకలు సవరించుకుంది.

ఇంకొక నాయకుడు మార్కెట్ యార్డుకు ఆయన పేరు పెట్టిస్తామన్నారు. కాకి ఆవలి పక్కకు తిరిగింది.

ముత్తెన్నకు జాలేసింది. ఆ మనిషికి ఏ కోరిక మిగిలిందో తనకు తెలుసనిపించింది. కుర్చీలో కూర్చుని ఆయన అడిగిన చివరి మాట చెవుల్లో ఇంకా మోగుతోంది. జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"సారూ, నువ్వు రామవ్వకిచ్చిన మాట మేం నిలబెడ్తం. దవాఖానకు డాక్టరును తెస్తం. ఫికర్ చెయ్యకు. జర తిను సారూ."

కాకి ఎగిరి అవతలి గొట్టం మీదికి పోయింది.

అప్పుడు కొడుకు గంగాధర్ విస్తరి ముందు మోకాళ్ల మీద కూర్చుని, "నాయినా! నీ సీటు పరాయోళ్లకు పోనియ్య!" అన్నాడు.

మాట పూర్తి కాలేదు. కాకి దబ్బున దిగింది. షామియానా కింద చప్పట్లు మోగాయి. అభ్యర్థి ఎంపిక ఇంత ప్రజాస్వామికంగా జరగడం జిల్లా చరిత్రలో అదే మొదలని నాయకులు ప్రకటించారు. "పిట్ట తీర్పే ప్రజల తీర్పు" అని మర్నాటికే గోడల మీద రాయించారు.

ఉప ఎన్నికలో గంగాధర్ మీద ఒక డాక్టరు నిలబడ్డాడు. వయసులో ఉన్నవాడు, తెలివైనవాడే గాని రాజకీయం బొత్తిగా తెలియనివాడు. వాగవతలి ఊరికి వచ్చి, దవాఖానలో తువ్వాలు తీసేసి, ఆ కుర్చీలో కూర్చున్నాడు. ప్రతి అంగడి నాడూ కూర్చున్నాడు. నర్సింలుకు చేతినిండా పని దొరికింది. లసుమవ్వ ఏళ్లనాటి దగ్గు నయమైంది. ముత్తెన్న మనవరాలికి జ్వరం దిగింది. గెలిచినా ఓడినా ఇక్కడికి పక్కా డాక్టరును వేయించేదాకా సర్కారును వదలనని, గెలిస్తే తనకు ఆ పని సులువవుతుందని చెప్పాడు. ప్రచారం సాగిన ఆ రెండు నెలల్లో ఊళ్లో ఒక్క చావు లేదు. పరామర్శకు తావు లేక గంగాధర్ జీపు ఊరి పొలిమేర నుంచే వెనుదిరిగేది. రామవ్వకిచ్చిన మాట ఇన్నాళ్లకు దక్కబోతోందని ముత్తెన్న లోలోపల సంబరపడ్డాడు.

డాక్టరుకు డిపాజిట్ దక్కలేదు. వాగవతలి ఊళ్లో కూడా దక్కేటన్ని ఓట్లు రాలేదు. ఊరే వద్దన్నాక ఎవరి కోసమని, సర్కారుతో కొట్లాడే మాటా ఆయన అంతటితో వదిలేశాడు.

సామాను సర్దుకుని డాక్టరు వెళ్లిపోయే రోజు ముత్తెన్న, లసుమవ్వ దవాఖాన అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. లోపల నర్సింలు కుర్చీ మీద తువ్వాలు పరుస్తున్నాడు. లసుమవ్వ పసుపు ముద్దతో వేలి మీది సిరా గుర్తును తోముకుంటోంది.

"కాకికున్న సోయి మనకు లేకపాయె," అంది ఆమె. "సారు కాడ అది మూడు మాటలిన్నది, ముట్టకపాయె. మనం ఒక్క మాటకే రెండుసార్లు ఓటు గుద్దితిమి."

"నువ్వెవలికేసినవ్ వదినె?"

"గంగాధర్‌కే."

"గీ డాక్టరు సారే గదా నీ దగ్గు తగ్గిచ్చింది?"

"మంచోడే గని ముత్తెన్నా, ఇంటికొస్తే 'నిన్ను సావనియ్య లసుమవ్వా' అంటడు. సావనియ్యనోడు సావుకేమొస్తడు?" ఆమె వేలు కొంగుకు తుడుచుకుంది. "రేపు నేను పోతే నా పిట్ట కాడ మాటిచ్చేటోడు ఎవడు మరి?"

ముత్తెన్న తన వేలి మీది సిరా చుక్కను చూసుకున్నాడు. మొన్న పోలింగు గుడ్డ చాటున, ముద్ర చేతిలో పట్టుకుని, అతనూ ఈ సంగతే ఆలోచించాడు.