ఊర్మిలాదేవి గుడ్డు తిన్న మహావిజయము

ఊర్మిలకు భయమల్లా ఒక్కటే: చంకలో బిడ్డ ఉండగా కళ్లు తిరిగి పడిపోతానేమోనని. మొన్న నల్లా దగ్గర గోడ చేతికి దొరికింది గనుక సరిపోయింది.

అట్టి భయకంపితహృదయ, ప్రచండమార్తాండుడు కోరుట్ల పట్టణపు రేకుల కప్పులను పెనములవలె కాల్చుచున్న మధ్యాహ్నవేళ, ఒడిలోని బీడీల చాటయే రథముగా, కత్తెరయే ఖడ్గముగా, తునికాకు కట్టలే సేనావ్యూహముగా, పొద్దటి చాయ్ ఒక్కటే ఆహారముగా సమరము సలుపుచున్న ఆ ధూమపత్రవేష్టనధురంధర, ఎట్టకేలకు చాట దించి లేచెను! "రక్తం తక్కువున్నది. పప్పు, ఆకుకూర, గుడ్డు రోజూ తిను. కూసొని తిను" అని అంగన్‌వాడీ టీచరు గీత చేసిన హితోపదేశము ఆమె చెవులలో దుందుభివలె మ్రోగుచుండెను.

ప్రథమ శత్రువు తంబాకు. మోచేతుల దాకా సబ్బు రుద్ది, నిమ్మచెక్కతో వ్రేళ్లను మర్దించి, వాసన చూసి, మళ్లీ రుద్ది, ఆ చేదును పారద్రోలెను. పళ్లెములో వేడి అన్నము, తోటకూరపప్పు. వాటి నడుమ పూర్ణచంద్రబింబమువలె ధవళకాంతులీను ఒకే ఒక్క ఉడికిన కోడిగుడ్డు!

అంతట దుబాయి నుండి భర్త భూమేశుడు వీడియోకాల్ రూపమున దండెత్తెను.

"ఏం తింటున్నవే? ఓహో, గుడ్డా! గీడ మాకు పొద్దుమాపు ఖుబ్బూస్ రొట్టెనే."

ఫోనులో చేయి దూరినచో సగమిచ్చి యుండెడిది. దూరలేదు. "నువ్వు గూడ ఒకటి ఉడకవెట్టుకో, ఉంట మరి" అని పెట్టేసి, గుడ్డు నుద్దేశించి ఇట్లు గర్జించెను:

"ఓ గుడ్డా! మొన్న నిన్ను బిడ్డకు వెట్టిన. నిన్న చుట్టాలొస్తె వెట్టిన. ఇయ్యాల ఎవ్వలొచ్చినా ఇయ్య!"

గర్జన ముగియకమునుపే నిదుర లేచిన ఆ బిడ్డ, చిట్టి తేజస్విని, తప్పటడుగులతో వచ్చి పళ్లెము ముందు నోరు తెరిచెను. హా! ఏమని చెప్పుదును! ఏండ్ల తరబడి బీడీలకు దారము చుట్టిన ఆ హస్తము తనకు తానే కొత్త దారపుండ నందుకొని, ఒక పోగు లాగి, రెప్పపాటులో దానితో ఆ చంద్రబింబమును నడిమికి తెగ కోసెను! ఈ ఇంట గుడ్డును అట్లే పంచుదురు. కోసిన చేతికి ముక్క మిగలదు.

అప్పుడే గడపలో అత్త సత్యవ్వ ప్రత్యక్షమయ్యెను. ఊర్మిల అలవాటు చొప్పున ఒక సగము బిడ్డకు, రెండవది ఆమెకు అందించబోయెను.

"అత్తా, నువ్వు గూడ..."

"సాలు తీ! దానికి పొద్దుగాల్నే గుడ్డు వెట్టినం గద. రెండూ నీవే. నువ్వు వడిపోతె ఇద్దర్ని నేను లేపాల్నా, గీ నడుంతోని?" అని సత్యవ్వ మనుమరాలిని ఎత్తుకొని వాకిట్లోకి నడిచెను.

"నువ్వు తిన్నవా అత్తా?"

"తిన్న, తిన్న. నువ్వు తిను ముంగట."

తినెను! కూర్చుండి, చల్లారకమునుపే, నిండు పళ్లెమును, గుడ్డు సగములు రెంటిని ఊర్మిలాదేవి తినెను! పిదప చేయి కడిగి, బిడ్డను చంకనెత్తుకొని నిలిచెను. ఇల్లు గిర్రున తిరుగలేదు. గోడతో పని పడలేదు. దిక్కులు జయజయధ్వానములు చేసెను. నిజమునకు అది పక్కింటి మిక్సీ.

ఈ గాథ విన్న పుణ్యాత్ములారా, ఒక్క మనవి. ఆ వాడకు పోయినప్పుడు సత్యవ్వను కాస్త చూడండి. తిన్నావా అని అడగకండి, తిన్న అనే అంటుంది. ఆమె వంతు అన్నం అట్లే ఉందేమో, గిన్నె మూత తీసి చూడండి.