నీడ కార్లకు మాత్రమే

మనిషి ముఖం మీద గుంట చేయడం వైద్యం. ఆ గుంటను మూయడం విలాసం. ఈ మహత్తర సూత్రాన్ని బీమా సంస్థ ఫోన్‌లో ప్రకటించే సమయానికి ఆసుపత్రి పార్కింగ్ బాబాయ్ అదే ఆసుపత్రి ఆపరేషన్ బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. అతని ముక్కు మీద గుంట ఉంది. మూయడానికి అనుమతి లేదు.

క్యాన్సర్ మాత్రం పోయింది. డాక్టరమ్మ ఆ మచ్చను పొరలు పొరలుగా కోసి, ప్రతి పొరనూ ల్యాబుకు పంపి, చివరిది శుభ్రంగా ఉందని కబురు రాగానే సూది అందుకుంది. సరిగ్గా అప్పుడే నర్సు ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. 'తొలగింపు' ప్యాకేజీలో ఉందట. 'మూసివేత' మాత్రం అందం పద్దు కిందికి వస్తుందట. (ముక్కుకు గుంట లేకపోవడం అలంకారమేనని సంస్థ నిపుణుల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. సభ్యులందరూ ఆ అలంకారంతోనే సమావేశానికి వచ్చారు.)

"మూయకుండా ఇలాగే పంపించమంటారా?" అంది డాక్టరమ్మ ఫోన్‌లో.

"పంపొచ్చు మేడమ్. కట్టు ప్యాకేజీలోనే ఉంది. విప్పడం మాత్రం ప్యాకేజీలో లేదు."

మత్తు ముక్కు వరకే ఇచ్చారు కాబట్టి బాబాయ్ ఇదంతా వింటూనే ఉన్నాడు. ఆ మత్తు మెల్లగా దిగుతోంది. మళ్లీ ఇవ్వాలంటే దానికి వేరే బిల్లు.

బయట కౌంటర్ దగ్గర అతని భార్య నిలబడి ఉంది. అందరూ అతన్ని బాబాయ్ అంటారు కాబట్టి ఆవిడ పిన్ని అయింది. పిన్ని దర్జీ పని చేస్తుంది. కుట్టు మిషను అమ్మి తొలగింపులో రోగి వాటా డబ్బు కట్టింది. మూసివేత ధర చూసి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఎన్ని కుట్లు?"

"పది దాకా పడతాయమ్మా."

"కుట్టుకో మిషను వస్తుంది ఈ డబ్బుతో! దారం ఇటివ్వండి, నేనే వేస్తాను. ముప్పై ఏళ్లుగా అదే పని చేస్తున్నాను. ఇంతవరకు ఒక్క జాకెట్టూ పిగిలి వెనక్కి రాలేదు."

కౌంటర్ ఆమె జాలిపడి ఒక మినహాయింపు ఉందని చెప్పింది. గాయానికి వేరెవరైనా కారణమైతే మూసివేత ఖర్చు ఆ దోషి భరించాలి. అయితే దోషి ఎవరో తేలాలి. అందుకోసం బీమా సంస్థ కారణ నిర్ధారణ అధికారి స్వయంగా బయలుదేరారు.

అధికారి గౌను తొడుక్కుని థియేటర్‌లోకి వచ్చారు. సాక్షిగా పిన్నికీ ఒక గౌను తొడిగించారు. (గౌను అద్దె ఆవిడ బిల్లులోనే కలిసింది.)

"మీకు ఎవరిమీదైనా అనుమానం ఉందా?" అన్నారు అధికారి.

"ఎండ మీద ఉంది సార్," అన్నాడు బాబాయ్. మాట ముద్దగా వచ్చింది.

అధికారి సానుభూతిగా తల ఊపారు. సూర్యుడి మీద సంస్థకు ఇదివరకే చాలా ఫిర్యాదులున్నాయి. నోటీసు అంటించడానికి గోడ దొరకక అన్నీ పెండింగులో ఉన్నాయి. ఆయన పిన్ని వైపు తిరిగారు.

"మీరు ఈయనకు టోపీ ఎందుకు కొనలేదు?"

"కొనకేం! మొదటి రోజే తీయించేశారు. యూనిఫాంలో టోపీ లేదన్నారు."

"ఎవరు?"

పిన్ని డాక్టరమ్మను చూసింది. డాక్టరమ్మ దారాన్ని చూసింది.

"పోనీ, నీడలో నిలబడవచ్చు కదా? కింద అంత పెద్ద షెడ్డు ఉంది."

"ఉంది సార్. దాని ముందు బోర్డు కూడా ఉంది. 'నీడ కార్లకు మాత్రమే' అని. పొద్దున్నే దాన్ని తుడిచేది నేనే. ఒకసారి వాన వస్తే లోపలికెళ్లి నిలబడ్డాను. ఒక కారు పట్టే చోటు ఆక్రమించానని జీతం కోశారు."

(ఇది అన్యాయమని తొందరపడకూడదు. ఎండ తగిలితే కారు రంగు వెలుస్తుంది. మళ్లీ రంగు వేయించడం ఎంత ఖర్చో అనుభవించినవారికే తెలుసు.)

"మూలన నల్ల కారు మాత్రం ఎప్పుడూ చల్లగానే ఉంటుంది డాక్టరమ్మా," అన్నాడు బాబాయ్ ఆప్యాయంగా. "మీకోసం ఆ చోటు ఎవరికీ ఇవ్వను."

డాక్టరమ్మ మాస్కు ఇంకాస్త పైకి లాక్కుంది.

"ఇంకేం సార్!" అంది పిన్ని. "దోషి దొరికినట్టే కదా? ఈ ఆసు..."

"ఆగండమ్మా!" అధికారి చెయ్యెత్తారు. "ఆ మాట పూర్తి చేశారంటే ఇది చికిత్స కాదు, వివాదం. వివాదంలో ఉన్న ముక్కును తీర్పు వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదు."

"తీర్పు ఎప్పుడొస్తుంది?"

"మొన్ననే ఒక చెవి కేసు గెలిచింది. చెవి గలాయన లేడు గానీ, తీర్పు మాత్రం చాలా బాగా వచ్చింది."

"డాక్టరమ్మా, చీమలు పాకుతున్నట్టుంది," అన్నాడు బాబాయ్.

అధికారి గొంతు తగ్గించారు. నిబంధనల్లో మూడో దారి ఒకటి ఉంది. రోగి తానే దోషినని ఒప్పుకుంటే మూసివేత తక్షణం జరుగుతుంది. ఖర్చు నెలనెలా జీతంలో కోసుకుంటారు. ఆ జీతం కోసం రోగి, కుట్లు ఆరగానే, పాత చోటుకే వెళ్లి నిలబడాలి.

"నువ్వు మాట్లాడకు," అంది పిన్ని. "ముక్కు తెరుచుకుంది చాలు, నోరు కూడా తెరవకు. టోపీ పీకింది వాళ్లు, నీడలోంచి గెంటింది వాళ్లు. తప్పు నీదంటావా?"

"నొప్పి నాదేనే."

పిన్ని వేళ్లు గౌను అంచు కుట్టును తడుముతున్నాయి. అది ఒక చోట ఊడి ఉంది.

"రాసుకోండి సార్," అన్నాడు బాబాయ్.

"గట్టిగా చెప్పాలండీ. సాక్షులకు స్పష్టంగా వినపడాలి."

బాబాయ్ ఊపిరి పీల్చుకున్నాడు. ఇన్నేళ్లుగా "రానీ, రానీ, రైట్" అంటూ కార్లను వెనక్కి పిలిచిన గొంతు అది. కారిడార్ చివరిదాకా వినిపించింది.

"ఎండలో నిలబడింది నేనే! దోషిని నేనే!"

అధికారి తృప్తిగా రాసుకున్నారు. డాక్టరమ్మ ఎవరి ముఖమూ చూడకుండా మొదటి కుట్టు వేసింది. తలుపు దాకా వెళ్లిన అధికారి ఏదో గుర్తొచ్చినట్టు ఆగారు. (దోషులకు 'మీరు' వర్తించదు.)

"అన్నట్టు, కుట్లయ్యాక ఒకసారి కిందికి రా. షెడ్డులో నా కారుకు అడ్డంగా ఎవరో బండి పెట్టారు."