టీ తాగొస్తాం

"మన జిల్లాలో గిరాకీకి కులం లేదు, మతం లేదు. సరుకు బాగుంటే చాలు" అని వ్యాపార సమరసత సంస్థ చైర్మన్ శ్యాంసుందర్ గారు నంద్యాలలో ఒక ఏసీ కల్యాణమండపంలో ప్రకటించారు. ఈ సంగతి జిల్లా ప్రజలకు అంతవరకు తెలియకపోవడం వల్ల చప్పట్లు కొంచెం ఆలస్యంగా మోగాయి.

ఒక విలేకరి మాత్రం "రుజువేది సార్?" అని అడిగాడు. రుజువు లేకుండా మాట్లాడటం చైర్మన్ గారికి అలవాటే. అడిగించుకోవడం అలవాటు లేదు. "నెల తిరిగేలోపల చూపిస్తా" అని మాటిచ్చి, కారెక్కుతూ అనుచరుడు మద్దిలేటి చెవిలో చెప్పారు. "రేయ్, గుడికి కొనే సరుకు, చర్చికి పోయేటోడు అమ్మే అంగడి యాడన్నా ఉండాదేమో చూడు."

ఉండాది. ఆళ్లగడ్డలో, మెయిన్ రోడ్డు మీద, 'ఫిలిప్ శిల్పశాల'.

ఫిలిప్ మీసాలు రాకముందు నుంచి నరసింహులు అంగడిలో కూలికి విగ్రహాలు చెక్కినవాడు. అతను చెక్కిన అమ్మవార్లు ఎన్నో ఊళ్లలో పూజలందుకుంటున్నారు. తనను చెక్కిందెవరో ఏ అమ్మవారూ ఇంతవరకు పూజారితో చెప్పలేదు. పాస్టరు గారు కూడా పెద్దమనసు చేసుకుని "చెక్కు నాయనా, మొక్కొద్దు అంతే" అన్నారు. అంతా సవ్యంగా జరుగుతుండగా ఫిలిప్‌కు ఒక ఆశ పుట్టింది. సొంత అంగడి, పైన తన పేరు. పెట్టాడు. అంగడి ముందర ఒక నల్లరాతి బసవన్నను చెక్కి కూర్చోబెట్టాడు.

భార్య మంజుల ముందే చెప్పింది. "ఈ వేసంకాలం లోపల ఆ బసవన్న కదలకుంటే అంగడి మూసేద్దాం. నువ్వు మళ్లా నరసింహులన్న కాడికి కూలికి పోదువు గానీ. ఆ బోర్డు చెక్క నా పొయ్యిలోకి పనికొస్తాది."

గిరాకీ రాక కాదు. రోజూ వచ్చేవారు.

"బసవన్న భలే ఉండాడప్పా. ఆ కండ్లు చూడు, గడ్డేసేదాకా లేయడట్ల ఉండాడు."

"గుడికేనా అన్నా?"

"గుడికే. నీ పేరేంది?"

"ఫిలిప్."

పెద్దాయన పక్కాయన వైపు చూశాడు. పక్కాయన ఆకాశం వైపు చూశాడు.

"ఎండ గట్టిగా ఉండాది. ఒక టీ తాగొస్తాం."

ఒక్కరూ చెడ్డమాట అనలేదు. అబద్ధమూ ఆడలేదు. రోడ్డు దాటి సరస్వతమ్మ కొట్టులో నిజంగానే టీ తాగి, అట్నుంచి అటే నరసింహులు అంగడికి పోయేవారు. యాగంటిలో బసవన్న పెరుగుతాడంటారు. ఆళ్లగడ్డలో పెరిగింది సరస్వతమ్మ టీకొట్టు. మొదట గోనెపట్టా కింద ఒక బల్ల ఉండేది. ఫిలిప్ బోర్డు లేచాక రేకులొచ్చాయి, ఫ్యాను వచ్చింది, ఫ్రిజ్ కూడా వచ్చింది.

"సల్లగుండు ఫిలిప్పూ" అనేది సరస్వతమ్మ. "ఎవరేం చెప్పినా పేరు మాత్రం మార్చుకోవద్దు నాయనా."

మద్దిలేటి వచ్చి బసవన్న చుట్టూ తిరిగాడు.

"గిరాకీ వస్తాండారా?"

"వస్తాండారు. టీ తాగను పోతాండారు."

ఇంత చిన్న సమస్యా అనుకుని మద్దిలేటి నంద్యాల నుంచి ఆటో నిండా మనుషులను తెచ్చి, బేరమాడినట్టు నటించమని దింపాడు. వాళ్లు చక్కగా నటించారు. బసవన్న మూపురం తట్టారు, కొమ్ములు నిమిరారు, పేరడిగారు, టీకి పోయారు.

"రేయ్, మీరు ఉత్తుత్తి గిరాకీరా" అన్నాడు మద్దిలేటి.

"తెలుసన్నా. అయినా గుడి సంగతి గదా. ఉత్తుత్తికైనా మనసొప్పల్యా."

నెల తిరగవస్తోంది. చైర్మన్ గారు ఫోన్ మీద ఫోన్. మద్దిలేటి టీకొట్టు బల్ల మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. ఒకసారి ఫిలిప్‌ను చూశాడు, ఒకసారి మోకాళ్లు పట్టుకుని పొయ్యి ముందర నిలబడిన సరస్వతమ్మను చూశాడు.

"ఇంత సులువా" అన్నాడు. "అమ్మా, నువ్వు పోయి ఆ బసవన్న పక్కన నీడకు కూర్చో. అమ్మిందాంట్లో నీకూ వాటా. ఫిలిప్పూ, నువ్వొచ్చి టీ పెట్టు."

"అంగడి నాది గదన్నా."

"నీదే. ఎవరు కాదన్నారు?"

"మరి బోర్డు?"

"అది యాడికీ పోదు. దాని మీద ఆయమ్మ ఒక చీర ఆరేసుకుంటాది."

ఫిలిప్ మంజుల వైపు చూశాడు. మంజుల మాత్రం బోర్డును, పొయ్యిని మార్చిమార్చి చూస్తోంది. అతను రోడ్డు దాటాడు. చీర అంచు సరిగ్గా 'శిల్పశాల' దగ్గర ఆగింది.

ఆ పూటే ఒక ఊరి పెద్దలు దిగారు.

"నీ పేరేందమ్మా?"

"సరస్వతమ్మ."

"సాక్షాత్తు సరస్వతే కూర్చునుండాది" అని బేరం కూడా ఆడకుండా బసవన్నకు పూలదండ వేసేశారు. ట్రాక్టరు వచ్చేలోపు సంతోషంగా "ఒక టీ తాగొస్తాం" అని రోడ్డు దాటారు.

"కొత్తగా ఉండావే. నీ పేరేందప్పా?"

"ఫిలిప్."

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆ విగ్రహాలు ఇంకోసారి చూసొస్తాం."

చూడ్డానికి పోయినవాళ్లు ఊరికే నిలబడితే బాగుండదని ఒక వినాయకుడిని కూడా కొన్నారు.

ఇక పట్టపగ్గాల్లేవు. టీ కోసం బస్సు దిగినవాళ్లు విగ్రహాలు చూసొస్తామని పోయి, చంకలో దేవుడితో బస్సెక్కేవారు. కడప బస్సులో సీటుకొక ఆంజనేయుడు కూర్చోవడంతో కండక్టరుకు ఎవరికి టిక్కెట్టు కొట్టాలో తోచేది కాదు. నరసింహులు కూడా టీకని వచ్చి, పేరు తెలిసిన మనిషే అయినా మొహమాటపడి, పోతూపోతూ ఒక నాగశిల కొన్నాడు.

నెల తిరిగేసరికి చైర్మన్ గారు విలేకరులతో దిగారు. మద్దిలేటి చీర తీసేశాడు. బోర్డు తళతళలాడింది. ఫిలిప్‌ను పొయ్యి దగ్గర నుంచి పిలిపించి శాలువా కప్పారు.

"రుజువడిగినారు గదా" అన్నారు చైర్మన్ గారు, కండ్లనీళ్లు తుడుచుకుంటూ. "ఇదో రుజువు. ఇన్ని విగ్రహాలు కొన్నారు. ఒక్కరన్నా అంగడి మీద పేరు చూసినారా?"

చూడలేదు. అది నిజమే.

ఫిలిప్‌కు కడుపు నిండిపోయింది. అందరి ముందర, ఎండలో, బోర్డు మీద తన పేరు. పరుగున పోయి అల్లం దంచి, ట్రే నిండా టీలు పట్టుకొచ్చాడు. మాట్లాడి మాట్లాడి నోరెండిపోయిన చైర్మన్ గారు గబుక్కున గ్లాసందుకుని పెదవుల దాకా తెచ్చారు.

"వాసన భలే ఉండాదే. ఎవరు పెట్టినారు?"

"నేనే సార్."

గ్లాసు అక్కడే ఆగింది. చైర్మన్ గారు చిరునవ్వు చెదరనివ్వలేదు. గ్లాసును మెల్లగా, ఎంతో గౌరవంగా ట్రేలో పెట్టారు.

"ఒకసారి విగ్రహాలు చూసొస్తామప్పా."

ఆయన వెనక మద్దిలేటి, మద్దిలేటి వెనక విలేకరులు, వాళ్ల వెనక డ్రైవర్లు అంగడి లోపలికి పోయారు. సాయంత్రానికి ఫిలిప్ అంగడిలో ఒక్క విగ్రహం మిగల్లేదు.

ట్రే మళ్లీ టీకొట్టుకు తిరిగొచ్చేసరికి టీలు మీగడ కట్టాయి. ఒకటి మంజుల తాగింది, ఒకటి ఫిలిప్ తాగాడు. రోడ్డవతల సరస్వతమ్మ లేచి, మోకాళ్లు సవరించుకుని, మడిచిపెట్టిన చీర దులిపింది.

"బోర్డు మీద దుమ్ము పడతాది నాయనా" అంటూ మళ్లీ ఆరేసింది.